ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చింది, డ్రైవింగ్ టెస్టుకి ఎప్పుడు వెళ్లాలి? ముప్పై రోజులకా, రెండో నెలలోనా, చివర్లోనా?

మా చెల్లె ఎల్‌ఎల్‌ఆర్ కాగితం బీరువాలో చీరల కింద భద్రంగా ఉండేది. ఏప్రిల్ 12న తీసుకుంది. "ఆరు నెలలు ఉంది కదక్కా, తొందరేముంది" అనేది. ఎండలు తగ్గాక అంది, వానలు తగ్గాక అంది. సెప్టెంబర్ చివర్లో మొదటిసారి ట్రాక్ ఎక్కింది. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన ఆ ట్రాక్‌లో మొదటి సున్నా బాగానే తిప్పింది. రెండో సున్నా మలుపులో భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసింది. స్కూటీ ఊగింది, ఎడమ కాలు నేలకు ఆనింది. అంతే, ఫెయిల్. వారం ఆగి మళ్లీ వెళ్లింది, టెన్షన్‌తో అదే మలుపులో అదే కాలు. మూడోసారి వెళ్దామని స్లాట్ చూస్తే, దొరికిన తేదీ నాటికి ఎల్‌ఎల్‌ఆర్ గడువే అయిపోతుంది. మళ్లీ కొత్త ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ ఫీజు, మళ్లీ ముప్పై రోజుల ఎదురుచూపు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

బండి నడపడం రాక కాదు ఇదంతా. రోజుల లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగింది. హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఎక్కడైనా ఈ లెక్క ఒక్కటే, ఎందుకంటే ఇది కేంద్ర మోటారు వాహనాల చట్టం, నిబంధనల్లోనిది. అందుకే ఎవరికి ఏ దారి నప్పుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు గడువులు చూద్దాం. ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చిన రోజు నుంచి 6 నెలలు చెల్లుతుంది. ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు నిండితే గానీ పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకి రానివ్వరు. టెస్టులో ఫెయిలైతే 7 రోజులు గడిచాకే మళ్లీ అవకాశం. మూడుసార్లు ఫెయిలైతే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత, ఆ 60 రోజులతో పాటు డ్రైవింగ్ స్కూల్లో దిద్దుబాటు శిక్షణ కూడా పూర్తి చేసి రావాలని చట్టంలో చేర్చారు. మొదటి రెండు గడువులు అందరికీ తెలుసు. 7 రోజులు, 60 రోజుల సంగతి మాత్రం ఫెయిలయ్యాకే చాలామందికి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొదటి టెస్టు ఎప్పుడు పెట్టుకోవాలి? మన దగ్గర మూడు రకాల వాళ్లు ఉంటారు.

ముప్పై రోజులు నిండగానే వెళ్లేవాళ్లు మొదటి రకం. దీనిలో పెద్ద లాభం, ఒకసారి తప్పినా ముందు బోలెడంత సమయం ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ మీద బండి నడిపేటప్పుడు ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు ఉండాలి, నేర్పేవాళ్లు లైసెన్స్ ఉన్నవాళ్లై పక్కనే ఉండాలి, బైక్ మీద నేర్పే మనిషిని తప్ప వేరెవరినీ ఎక్కించుకోకూడదు. ఆ ఇబ్బంది తొందరగా తీరిపోతుంది. చిన్నప్పటి నుంచి సైకిల్ బాగా తొక్కినవాళ్లు గేర్లు లేని స్కూటీకి టెస్టు ఇవ్వాలనుకుంటే ఈ దారి మంచిదే. ఎనిమిదిలో కావాల్సింది బ్యాలెన్స్, అది వాళ్లకి సైకిల్ మీదే వచ్చేసింది. కానీ సైకిల్ కూడా సరిగా రానివాళ్లకి, మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్న వాళ్లకి ముప్పై రోజులు చాలవు. వాళ్లు తొందరపడితే మూడు అవకాశాలూ మొదటి రెండు నెలల్లోనే అయిపోతాయి.

చివరి నెల దాకా ఆగేవాళ్లు రెండో రకం. మా చెల్లె లాగా. "బాగా నేర్చుకున్నాకే పోదాం" అనే మాట వినడానికి సమంజసంగానే ఉంటుంది. కానీ అయిదో నెల దాటాక వెళ్తే ఒక్క ఫెయిల్‌కే ఊపిరాడదు. వారం ఆగాలి, స్లాట్ దొరకాలి, ఆ రోజు సెలవు కాకూడదు, వాన పడకూడదు. బతుకమ్మ, దసరా రోజుల్లో ఆఫీసు పనిదినాలే తగ్గిపోతాయి. ఎవరు అడిగినా ఈ దారి వద్దనే చెప్తాను.

నేను చెప్పేది మూడోది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 45వ రోజుకీ 75వ రోజుకీ మధ్యలో మొదటి టెస్టు పెట్టుకోండి. ఈ అంకెలు ఊరికే చెప్పడం లేదు, రెండు వైపుల నుంచీ లెక్క వేసి చూశాను.

వెనక నుంచి చూద్దాం. మొదటి టెస్టు తర్వాత 8వ రోజున రెండోది, మరో 8 రోజులకు మూడోది అనుకుందాం. మూడూ పోతే 60 రోజుల నిరీక్షణ. అంటే మొదటి టెస్టు నుంచి నాలుగో టెస్టుకి తక్కువలో తక్కువ 77 రోజులు కావాలి. ఆరు నెలలంటే సుమారు 180 రోజులు. అందులో 77 తీసేస్తే 103. కాబట్టి వందో రోజు దాటాక మొదటి టెస్టుకి వెళ్లినవాళ్లకి, అదే ఎల్‌ఎల్‌ఆర్ మీద నాలుగో అవకాశం దాదాపు ఉండదు. స్లాట్లు అనుకున్న రోజున దొరకవు కాబట్టి ఇంకో 25 రోజులు పక్కన పెట్టుకుంటే 75 దగ్గర ఆగుతాం.

ఇక ముందు నుంచి. కేంద్రం గుర్తింపు ఇచ్చే డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు కారు కోర్సు 29 గంటలు అని పెట్టారు. అందులో 8 గంటలు పాఠం, 21 గంటలు స్టీరింగ్ పట్టుకుని నేర్చుకోవడం. అదే 21 గంటలు మనం ఇంటి దగ్గర రోజుకి అరగంట చొప్పున చేస్తే 42 రోజులు పడుతుంది. మధ్యలో రెండు మూడు రోజులు కుదరకపోయినా 45 రోజులకు చేతికి అలవాటు వస్తుంది. రోజుకి గంట కేటాయించగలిగితే ఇంకా ముందే వెళ్లొచ్చు. క్యాలెండర్‌లో గడిచిన రోజులు కాదు, బండి మీద కూర్చున్న గంటలు లెక్కపెట్టుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని రెండు నెలలైనా నాలుగుసార్లే బండి తీసినవాళ్లు చాలామంది కనిపిస్తారు.

తేదీలతో చెప్పాలంటే, జూన్ 10న ఎల్‌ఎల్‌ఆర్ వస్తే 45వ రోజు జులై 25, 75వ రోజు ఆగస్టు 24, వందో రోజు సెప్టెంబర్ 18. డిసెంబర్ మొదట్లోనే కాగితం కాలం చెల్లిపోతుంది. ఈ తేదీలు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, బీరువాలో దాచిన కాగితం మనకేమీ గుర్తుచేయదు.

ఇక్కడే కాలం సంగతి కూడా వస్తుంది. ఇంటర్ పరీక్షలు, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అయిపోగానే మేలోనో జూన్‌లోనో పిల్లలందరూ ఎల్‌ఎల్‌ఆర్‌కి వెళ్తారు. అప్పుడు 45–75 రోజుల మధ్య కాలం సరిగ్గా జులై, ఆగస్టు వానల్లో పడుతుంది. తడి నేల మీద ఎనిమిది వేయడం కొత్తవాళ్లకి కష్టమే, పైగా ప్రాక్టీస్ కూడా రోజు విడిచి రోజు ఆగిపోతుంది. 18 నిండాక మరీ తొందర లేదనుకుంటే సెప్టెంబర్‌లో తీసుకోండి. దసరా సెలవుల్లో ప్రాక్టీస్ చేసుకుని నవంబర్‌లో టెస్టుకి పోవచ్చు. పొద్దున చల్లగా ఉంటుంది, నేల పొడిగా ఉంటుంది. వ్యవసాయం ఉన్న ఇళ్లలో లెక్క వేరు. జులై, ఆగస్టుల్లో నాట్లు, అక్టోబర్ నుంచి పత్తి ఏరడం, వడ్ల కల్లాలు. వాళ్లకి డిసెంబర్ చివర్లో ఎల్‌ఎల్‌ఆర్, ఫిబ్రవరిలో టెస్టు అయితే యాసంగి కోతలకు ముందే పని తెములుతుంది. సమ్మక్క సారలమ్మ జాతర ఉన్న ఏడాది ఆ వారం రోజులు ములుగు, పరకాల వైపు రోడ్ల మీద మాత్రం ప్రాక్టీస్ పెట్టుకోవద్దు.

ఎక్కడ నేర్చుకోవాలన్నది తర్వాతి ఎంపిక. ఇంట్లో వాళ్ల దగ్గరా, డ్రైవింగ్ స్కూల్లోనా, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలోనా?

స్కూటీ, బైక్‌కి ఇంట్లో వాళ్లే చాలు. లైసెన్స్ ఉన్న అన్నో అక్కో పొద్దున్నే ఖాళీ స్థలానికి తీసుకెళ్తే సరిపోతుంది. సున్నంతో నేల మీద ఎనిమిది గీసుకోండి, ఆ గీతల మీదే తిరగండి. మలుపులో ముందు చక్రం వైపు చూస్తే బండి అక్కడే పడుతుంది, సున్నా అవతలి అంచు చూడాలి. యాక్సిలరేటర్ పూర్తిగా వదలకుండా కొద్దిగా పట్టి, వెనక బ్రేకు మెల్లగా నొక్కి ఉంచితే స్కూటీ ఊగదు. మా చెల్లెకి రెండో ఎల్‌ఎల్‌ఆర్ మీద ఈ రెండే నేర్పించాను. 52వ రోజున వెళ్లింది, కాలు కింద పెట్టలేదు.

కారు నేర్చుకోవడానికి మాత్రం స్కూలే నయం. రెండు వైపులా బ్రేకు, క్లచ్ ఉన్న కారులో కూర్చుంటే నేర్పేవాళ్లకీ నేర్చుకునేవాళ్లకీ ధైర్యం. మొగుడు పెళ్లాలు ఒకే కారులో కూర్చుని నేర్పడం, నేర్చుకోవడం ఎంత గొడవో చాలా ఇళ్లలో చూశాను. అయితే స్కూల్ ప్యాకేజీ వినేటప్పుడు రోజుల సంఖ్య విని మోసపోవద్దు. 20 రోజులు, రోజుకి అరగంట అంటే మొత్తం 10 గంటలే. కారులో ముగ్గురిని ఎక్కించుకుని వంతులవారీగా నడిపిస్తే ఆ పదీ ఉండవు. "నా ఒక్కడికి స్టీరింగ్ ఎంతసేపు ఇస్తారు? హెచ్ ఆకారం ట్రాక్‌లో రివర్స్ ఎన్ని రోజులు చేయిస్తారు?" అని ముందే అడగండి. హెచ్‌లో వెనక్కి రావడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదలడం, ఈ రెండింటి దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ప్యాకేజీ చివరి అయిదు రోజులు టెస్టుకి ముందు వారంలో పడేలా అడిగి పెట్టించుకుంటే ఇంకా మంచిది. కోర్సు మొదటి నెలలోనే ముగించి, నెలన్నర తర్వాత టెస్టుకి పోతే చేయి మళ్లీ మొదటికి వస్తుంది.

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం దారి వేరు. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అలాంటి కేంద్రంలో కోర్సు చేసి అక్కడి పరీక్షలో పాసైతే ఆర్టీఏ ట్రాక్ టెస్టు నుంచి మినహాయింపు ఉంటుంది. కారు కోర్సు 4 వారాల్లో 29 గంటలు, పెద్ద బండ్లకి 6 వారాల్లో 38 గంటలు. టెస్టు అంటేనే చేతులు వణికేవాళ్లకి, రోజూ వెళ్లే తీరిక ఉన్నవాళ్లకి ఇది మంచిదే. కానీ కనీసం ఎకరం స్థలం, సిమ్యులేటర్, ట్రాక్ ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు. వీధి చివర ఉన్న మామూలు డ్రైవింగ్ స్కూల్‌కి అది వర్తించదు, అక్కడిచ్చే సర్టిఫికెట్‌తో ట్రాక్ టెస్టు తప్పదు. "2024 జూన్ 1 నుంచి ఆర్టీఏకి వెళ్లక్కర్లేదు, ప్రైవేటు స్కూల్లోనే టెస్టు" అని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ చూసి ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నిబంధనలేవీ మారలేదని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ అప్పుడే స్పష్టం చేసింది. డబ్బు కట్టే ముందు ఆ కేంద్రం గుర్తింపు పత్రం చూపించమనండి. ఎక్కడ నేర్చుకున్నా ఎల్‌ఎల్‌ఆర్ మాత్రం తప్పదు.

బైక్, కారు రెండూ ఒకే ఎల్‌ఎల్‌ఆర్ మీద పెట్టుకోవాలా, విడివిడిగానా? ఫీజు ఎలాగూ బండి రకానికి ఇంత అనే ఉంటుంది. కేంద్ర నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కి ఒక్కో రకానికి 150 రూపాయలు, ట్రాక్ టెస్టుకి ఒక్కో రకానికి 300. రాష్ట్రం సర్వీసు చార్జీలు వేరు. కాబట్టి కలిపి పెడితే మిగిలేది తిరుగుడు మాత్రమే. ఆ ఆరు నెలల్లో రెండూ నేర్చుకునే వీలుంటే కలిపి పెట్టండి. ఇంట్లో కారు లేదు, ఎప్పుడో కొంటాం అనుకునేవాళ్లు బైక్ ఒక్కదానికే వెళ్లండి. తర్వాత కారు చేర్పించుకోవచ్చు. దానికి మళ్లీ ఆ రకానికి ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ 30 రోజులు ఉంటాయని గుర్తుపెట్టుకుంటే చాలు.

గేర్ల విషయం ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పకుండా ఆలోచించాలి. స్కూటీ మీద టెస్టు ఇస్తే గేర్లు లేని బండికే లైసెన్స్ వస్తుంది. గేర్ల బైక్ మీద టెస్టు ఇస్తే స్కూటీ కూడా నడపొచ్చు. "అమ్మాయికి స్కూటీ చాలు" అని తేల్చేసే ముందు, రేపు ఉద్యోగంలోనో అవసరానికో బైక్ పట్టుకోవాల్సి వస్తే మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. 45 రోజులు ప్రాక్టీస్ చేసే వీలుంటే నేను గేర్ల బండికే ఓటేస్తాను. కారుకి ఇలాంటి తేడా లేదు, ఆటోమేటిక్ అయినా గేర్లదైనా లైసెన్స్ ఒకటే.

ఎల్‌ఎల్‌ఆర్ రాత టెస్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కంప్యూటర్ మీద 20 ప్రశ్నలు, 12 సరిగ్గా పెట్టాలి. తెలుగులో రాయొచ్చు. చదవడం నెమ్మదిగా ఉండే పెద్దవాళ్లు బోర్డుల ఆకారం పట్టుకుంటే పని సులువవుతుంది. గుండ్రంగా ఉన్నవి తప్పక పాటించాల్సినవి, మూడు మూలలవి జాగ్రత్త చెప్పేవి, నలుపలకవి సమాచారం ఇచ్చేవి.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే అన్నలకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ ఇబ్బంది ఎక్కువ. నెల రోజుల సెలవులో లైసెన్స్ తీసుకోవడం చట్ట ప్రకారమే కుదరదు, 30 రోజుల నిబంధనే అడ్డం. 45 రోజులుంటే, దిగిన వారంలోనే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, టెస్టు 37వ రోజు దగ్గర పడుతుంది. ఒక్కసారి తప్పితే విమానం తేదీ వచ్చేస్తుంది. రెండు నెలల సెలవైతేనే నిశ్చింత. అంతకు తక్కువైతే, ఆరు నెలల్లోపు మళ్లీ రాగలిగితేనే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి, లేకపోతే ఆ డబ్బు దండగ. ఉన్న లైసెన్స్ గడువు దగ్గర పడినవాళ్లు మాత్రం ఈ సెలవు వదలొద్దు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువు దాటి ఏడాదిలోపు అయితే టెస్టు లేకుండా రెన్యువల్ అవుతుంది. ఆ ఏడాది కూడా దాటితే మళ్లీ ట్రాక్ ఎక్కాల్సిందే. రెండేళ్లకోసారి ఇంటికొచ్చేవాళ్లు ఈ ఒక్క లెక్క తప్పి, ఇరవై ఏళ్లు నడిపిన బండికి మళ్లీ టెస్టు ఇస్తున్నారు. నలభై దాటినవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు టిప్పర్ మీదనో లారీ మీదనో బతుకుదామనుకునే తమ్ముళ్లకు ఇంకా పొడుగైన గడువు ఉంది. ముందు కారు లైసెన్స్ వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి, అప్పుడే ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎల్‌ఆర్. స్కూల్ శిక్షణ సర్టిఫికెట్ తప్పనిసరి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న షరతు 2019లో తీసేశారు. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో పెద్ద డ్రైవర్ శిక్షణ సంస్థ ఉంది, హెవీ నేర్చుకునేవాళ్లు అక్కడ అడిగి చూడండి. చిన్న ట్రాలీలు, సరుకు ఆటోలు నడపాలనుకునేవాళ్లకి ఇంత దూరం అక్కర్లేదు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లు మామూలు కారు లైసెన్స్‌తోనే నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుకే 18 నిండగానే ముందు కారు లైసెన్స్ తీసుకోమని చెప్తాను, ఏడాది లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.

పద్దెనిమిది నిండకముందే పిల్లల చేతికి తాళం ఇచ్చే తల్లిదండ్రులకు ఒక్క మాట. 16 ఏళ్లకు వచ్చే లైసెన్స్ 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. ఇప్పుడు షోరూంలో ఉన్న పెట్రోల్ స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. పిల్లలు పట్టుబడితే బండి ఇచ్చిన పెద్దవాళ్లకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని చట్టంలో ఉంది. ప్రాణం సంగతి దానికన్నా పెద్దది.

టెస్టు రోజు బండి కాగితాలు ముందు రోజు రాత్రే చూసుకోండి. ఎల్‌ఎల్‌ఆర్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. బండి తమ్ముడిదో మామదో అయితే ఇన్సూరెన్స్ తేదీ వాళ్ల మాట మీద నమ్మకుండా కాగితం తెరిచి చూడండి. ఇన్సూరెన్స్ కట్టడం మర్చిపోయిన బండితో వెళ్లి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడకుండానే వెనక్కి వచ్చిన వాళ్లను గేటు దగ్గరే చూశాను. పొల్యూషన్ అయిపోతే మాత్రం దిగులు లేదు, చాలా పెట్రోల్ బంకుల పక్కనే పది నిమిషాల్లో అయిపోతుంది, స్లాట్‌కి గంట ముందు బయల్దేరితే చాలు.